మన్ననూరు గేటు గారికి కొల్లూరు వాసి అర్జీ

మహారాజశ్రీ మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు గారి సముఖమునకు,

విషయం: శ్రీశైలం ఘాట్ రోడ్డును తాపీగా చూడబోతున్న మా కుటుంబాన్ని తమరి అదుపులో ఉంచవలసిందిగా మనవి.

అయ్యా,

ఈ అర్జీ కలెక్టరు గారికో, రోడ్ల మంత్రి గారికో పెట్టుకోమన్నారు మావాళ్లు. నేనే వద్దన్నాను. అక్కడ ఫైలు కదలాలంటే తెలిసినవాళ్లుండాలి. తమరి దగ్గర ఆ బాధ లేదు. రాత్రి 9కి కిందికి దిగితే మళ్లీ పొద్దున 6కే లేస్తారు. ఆంధ్ర వైపు దోర్నాల దగ్గర తమరి తోడబుట్టినవారిదీ ఇదే నియమం. ఇంత వేళాపాళా ఉన్న అధికారి మాకు ఇంకొకరు కనపడలేదు.

మాది సంగారెడ్డి జిల్లా కొల్లూరు. ఊరి పక్కనుంచే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం చాలదని 2023లో 120 చేశారు. అదే ఏడాది జూన్‌లో మా దగ్గర 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లకు ప్రారంభోత్సవమూ జరిగింది. అన్ని ఇళ్ల ముందు నిలబడేవి ఎక్కువగా బైకులే. ఔటర్ మీదికి బైకులను రానివ్వరు. అంటే రాష్ట్రంలోకెల్లా వేగమైన రోడ్డును మేం బాల్కనీలోంచి చూస్తాం, సర్వీసు రోడ్డులో గుంతలు లెక్కపెట్టుకుంటూ పటాన్‌చెరు షిఫ్టుకు పోతాం. షిఫ్టు దిగి వచ్చినవాడికి నిద్ర, ఎక్కబోయేవాడికి పరుగు. అందుకే ఒక్క వీక్లీ ఆఫ్ అయినా మెల్లగా గడవాలని మా ఆశ.

ఆశకు అడ్డం మా బామ్మర్ది. కారు అతనిది కాబట్టి ప్లానూ అతనిదే. తెల్లారుజామున బయలుదేరి, తుక్కుగూడ దగ్గర ఔటర్ దిగి, తమరు లేచే వేళకు మన్ననూరు. పదికల్లా మల్లన్న దర్శనం. పన్నెండుకు డ్యాం దగ్గర ఫొటో. చీకటి పడకముందే కొల్లూరు. ఘాట్ రోడ్డు ఎప్పుడు చూడాలి అంటే, పోతుంటే కిటికీలోంచి కనపడుతుందిగా బావా అంటాడు. దేవుడి దగ్గరికైనా కంపెనీ బస్సు ఎక్కినట్టే పోవాలతనికి.

నా ప్లాను వేరు. కడ్తాల్ దాటాక మైసిగండి మైసమ్మకు కొబ్బరికాయ. డిండి రిజర్వాయరు గట్టు మీద సర్వపిండి, చాయ్. అచ్చంపేట వైపు తిరిగి ఉమామహేశ్వరం. ఆ రాత్రికి తమరి గుమ్మం ఇవతలే పడక. తెల్లారి తమరు లేచాక ఫరహాబాద్ వ్యూ పాయింట్, ఓపిక ఉంటే మల్లెలతీర్థం మెట్లు. దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే మలుపుల్లో కారు ఎంత మెల్లగా పోతే నాకంత లాభం.

తమరికి చెప్పేంతటివాణ్ని కాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో పులులున్నాయి, చిరుతలున్నాయి, మనకన్నా ముందునుంచీ చెంచులున్నారు. వాళ్ల ఇంటి నడిమధ్యనుంచి మనం దారి వేసుకున్నాం. పగలు మనం పోతాం, రాత్రి జంతువులు దాటుతాయి. ఈ వంతులవారీ ఒప్పందానికి పూచీకత్తు తమరు.

శ్రీశైలం డ్యాంకు 12 గేట్లు. వానకాలంలో అవి ఎత్తారని టీవీలో వస్తే చాలు, హైదరాబాద్ అంతా కార్లెక్కుతుంది. ఘాట్ మీద కిలోమీటర్ల కొద్దీ బండ్లు ఆగిపోతాయి. కోతులకు చిప్స్ ప్యాకెట్లు విసురుతారు, లోయకు వీపు పెట్టి సెల్ఫీ దిగుతారు, జాం అయిందని ప్రభుత్వాన్ని తిడతారు. ఆ 12 గేట్లు లేస్తే జనానికి తొందర పుడుతుంది. తమరొక్కరు దిగితే అణుగుతుంది.

ఇక అసలు భయం. అడవి మీదుగా ఎత్తైన కారిడార్ కట్టాలన్న ప్రతిపాదన నడుస్తోంది. రాత్రింబవళ్లు బండ్లు పోవచ్చట, కింద జంతువులు నిశ్చింతగా తిరగొచ్చట. పులికి నిజంగా మేలు జరిగితే కాదనడానికి నేనెవర్ని? కానీ కట్టినన్నాళ్లూ ఆ అడవిలో మోగే యంత్రాల సంగతేమిటి? కట్టాక ఆ ఘాట్ కూడా ఇంకో ఔటర్ అయిపోతే, మా బామ్మర్ది ప్లానే ప్రభుత్వ విధానమైనట్టు కదా?

కావున తమరు దయతో:

1. ఎవరు ఎంత హారన్ కొట్టినా వేళ మార్చవద్దు.

2. మా డిక్కీ తెరిపించి, ప్లాస్టిక్ సీసాలుంటే అక్కడే దింపించండి. మా ఆవిడ స్టీలు చెంబులు సర్దింది. పిల్లల సంచులకు నేను హామీ ఇవ్వలేను.

3. పైన వంతెన వచ్చినా రాకపోయినా, కింద ఒక్క దారైనా నెమ్మదిగా పోయేవాళ్లకు ఉంచమని పై అధికారులకు సిఫారసు చేయండి.

4. తిరుగు ప్రయాణంలో మేం తొమ్మిది దాటాక వస్తే తెరవకండి. బామ్మర్ది కిందికి దిగి ఎవరెవరి పేర్లో చెబుతాడు, ఫోను కలిపి చేతికిస్తానంటాడు. వినకండి. వెనక సీట్లోంచి నేను కూడా బతిమాలతాను. అదీ వినకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
కొల్లూరు వాసి