రక్తం ఎక్కించుకునే పిల్లాడికి హాజరు శాతమా?

మా రోజుల్లో పిల్లాడు నాలుగు రోజులు బడికి రాకపోతే మాస్టారే ఇంటికొచ్చి చూసిపోయేవారు. ఇప్పుడు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. మొన్న ఆసుపత్రిలో మా మనవడి చేతికి నర్సమ్మ నరం వెతుకుతుంటే మా కోడలి ఫోన్ మోగింది: 'మీ అబ్బాయి ఈరోజు గైర్హాజరు. కారణం తెలపండి.'

వాడికి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. బడిలో చేర్చిన రోజే రాసిచ్చాం. అయినా ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ కావాలంటారు. పుట్టుకతో వచ్చిన జబ్బుకి నెలనెలా రుజువేమిటండీ? పోయేది ఆ ఒక్కరోజే కాదు. రక్తం తగ్గేకొద్దీ పిల్లాడు ముందునుంచే వాడిపోతాడు, మెట్లెక్కితే ఆయాసం. వాడి తరగతి మూడో అంతస్తులో. లిఫ్టు పిల్లలకి కాదట! సెలవుల సంగతి అడిగితే 75 శాతం హాజరు లెక్క చెబుతారు. సీబీఎస్ఈ పెట్టిన ఆ నిబంధనలోనే జబ్బు పడ్డవాళ్లకి మినహాయింపు ఉందన్న మాట మాత్రం చెప్పరు. పైగా వార్షికోత్సవంలో నూరు శాతం హాజరుకి పతకాలు. చప్పట్లు కొడుతూ కూర్చున్న మావాడి మొహం నేను చూశాను.

నా చిన్నప్పుడు మా తరగతిలో ఒకడికి కీళ్లవాతం జ్వరం వచ్చి గుండెకు తగిలింది. 21 రోజులకోసారి తుంటికి పెన్సిలిన్ సూది. ఆ నొప్పికి మర్నాడు కుంటేవాడు. మా హెడ్మాస్టరుగారు ఏం చేశారో తెలుసా? మా తరగతి మొత్తాన్నీ మేడ మీంచి కిందికి దింపేశారు. వాడిది గుమ్మం పక్క బల్ల. వాడి వీధి కుర్రాడికి నోట్సు మోసే పని అప్పగించిన లెక్కల మాస్టారు, మర్నాడు పొద్దున్నే "ఇచ్చావురా? ఏ లెక్క దగ్గర ఆగాడు?" అని అడిగేవారు. తప్పిన పరీక్ష స్టాఫు రూములో విడిగా పెట్టేవారు. ఇవన్నీ చెయ్యమని ఏ చట్టమూ చెప్పలేదు వాళ్లకి.

నిజమే, అప్పట్లో తలసీమియా పిల్లలు చాలామంది జబ్బు పేరైనా తెలియకుండానే పోయేవారు. ఈనాటి వైద్యానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. చట్టమూ వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ, ప్రైవేటుదైనా సరే, పిల్లల అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చేసి తీరాలని 16వ సెక్షన్ చెబుతోంది. వైద్యం చేతిలో ఉండి, చట్టం చేతిలో ఉండి, పిల్లాణ్ణి మెట్ల దగ్గర ఆపేస్తున్నారే, అదీ నా బాధ.

హెడ్మాస్టర్లూ, ప్రిన్సిపాళ్లూ! జూన్‌లో డాక్టరు రాసిచ్చిన ఒక్క ఉత్తరం ఏడాదంతటికీ చాలనివ్వండి. ఆ పిల్లాడి బాధ్యత ఒక టీచరుకి అప్పగించండి. పాఠం ఆ సాయంత్రమే ఇంటికి పంపండి, తప్పిన పరీక్ష మరోరోజు పెట్టండి, తరగతిని కిందికి దింపండి. అమ్మానాన్నలూ, మీరు నోటిమాటగా బతిమాలకండి. 16వ సెక్షన్ పేరు రాసి అర్జీ ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.