గణకులవారి గగనమార్గము

సూళ్లూరుపేటలో ఎవరి బిడ్డ విదేశమునకు పయనమైనను, ముందుగా చెంగాళమ్మ తల్లికి మ్రొక్కుట ఆచారము; ఆ గుడికి తలుపులు మూయు వాడుక లేనందున అర్ధరాత్రి విమానమున కేగువారికిని దర్శనము లభించును. మ్రొక్కి వచ్చుచు గణకులవారి అరుగెక్కుట రెండవ ఆచారము. ఆయన సిద్ధాంతి కారు. శ్రీహరికోట రాకెట్టు కేంద్రమైన షార్ గిడ్డంగిలో ముప్పదియేండ్లు చిట్టాలు వ్రాసి విశ్రమించిన గుమాస్తా. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణిని కక్ష్యలో నిలిపిన ప్రస్తావన వచ్చినచో, 'మేము పంపినపుడు' అనియే ఆరంభింతురు. ఖండించుటకు నాకు నోరు రాదు. మరలు లెక్కించి యిచ్చువాడు లేనిదే రాకెట్టు ఎక్కడిది?

ఆయన పరికరములు రెండు: అడుగు వ్యాసముగల ప్లాస్టిక్ భూగోళము, మల్లెదండనుండి విప్పిన దారము. దారపు కొనను చెన్నై విమానాశ్రయమున్న మీనంబాక్కముపై బొటనవ్రేల నదిమి, శాన్‌ఫ్రాన్సిస్కోవఱకు బిగలాగి, 'జానెడున్నర లోపే. 13,900 కిలోమీటర్లు' అని తేల్తురు. గోడపటములు చూచి పెరిగిన మనము ఆ దారి సముద్రముపై నేరుగా తూర్పునకు సాగునని తలంతుము; దారమో, చైనా మీదుగా ఉత్తరమున కెగబ్రాకును. సందేహించువారిని, 'భూమి అప్పడమైనచో మీ మాటయే నిజము నాయనా' అని ఊరడింతురు. గంటకు 900 చొప్పున పదునైదున్నర గంటలు. దుబాయి మీదుగా టిక్కెట్టు కొన్నవారికి 2,000 కిలోమీటర్లు కొసరు!

వేసవిలో కాలిఫోర్నియా మనకంటె పన్నెండున్నర గంటలు వెనుక గనుక, బయలుదేరిననాడే చేరవచ్చును. అందుచేత ఆనాడు ఏకాదశియైనచో ఉపవాసము ముప్పదియాఱున్నర గంటలని గ్రహించి, మా పెద్దత్తగారి ప్రయాణమును ద్వాదశికి మార్పించిన ఘనత వారిదే.

ఇంతటివారికిని లొంగనివి, ఇంటినుండి మీనంబాక్కమునకు గల నూరు కిలోమీటర్లు. పి.ఎస్.ఎల్.వి. పదునేడు నిమిషములలో ఉపగ్రహమును కక్ష్యలో విడుచును. అది భూమిని రెండుమార్లు చుట్టివచ్చుసరికి, తడ దాటి గుమ్మిడిపూండి లారీల నడుమ మన కారు ఇంకను హారను కొట్టుచుండును. ఆ సంగతి కదిపినచో, 'అది భూమి ఖాతా. నాది ఆకాశపు ఖాతా' అని ముఖము త్రిప్పుకొందురు.

ఆయన విమాన మెక్కలేదు. కుమారుడు టిక్కెట్టు పంపెదనని ఎన్నిమార్లు బ్రతిమాలినను, దారి తెలిసినవానికి ప్రయాణమేల యందురు.

నిరుడు మా అమ్మాయి యింటినుండి తిరిగివచ్చి, చాక్లెట్ల పొట్లముతో అరుగెక్కితిని. మనుమడెట్లున్నాడని అడుగలేదు.

'పసిఫిక్ మీద ఎదురుగాలి ఎన్ని నిమిషములు తినెను?'

'నిద్రపోయితినండి.'

తిరుమలలో రాత్రంతయు వరుసలో నిలిచి, తీరా గర్భాలయము ముందఱ ఆవులించినవానిని చూచినట్లు నన్ను చూచి, పొట్లము పుచ్చుకొని, దారమును భూగోళమునకు చుట్టుకొనుచు లోనికి పోయిరి.