తక్కువ రేటుకి దేశద్రోహి

బ్లాక్‌లిస్టు అనేది ఎక్కడా లేదు. ఉందంటే ఆ కాగితం చూపించమనండి, ఎవరూ చూపించలేరు. సినిమా తీసేవాడి డబ్బు వాడిది, ఎవరిచేత రాయించుకోవాలో వాడిష్టం. పని దొరకని రచయితలు కడుపుమంట చల్లార్చుకోవడానికి కనిపెట్టిన మాట అది.

ఈ వాదన ఎంత బాగుందంటే, విన్న సాయంత్రమే మా దయాల్‌బంద్ గురుద్వారా దాటాక ఉన్న టీకొట్టు దగ్గర దీన్ని రిటైర్డు గూడ్సు గార్డు బావగారికి అప్పజెప్పాను. వాళ్ళ తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి గ్యాంగులో చేరినవాడు. బావగారికి హిందీ, ఛత్తీస్‌గఢీ నీళ్ళప్రాయం. కోపం మాత్రం ఇప్పటికీ శ్రీకాకుళంలోనే వస్తుంది.

"కాయితం లేకపోతే లేనట్టేనేటి బావా? మా తాత పెళ్ళికి కాయితం ఉందేటి? మరి నానెలాగొచ్చేను?"

సమాధానం తోచక హాలీవుడ్ రచయిత డాల్టన్ ట్రంబో కథ ఎత్తుకున్నాను. ఆయన మీద 2015లో వచ్చిన సినిమాని బావగారు మనవడి ఫోన్లో సగం చూసి నిద్రపోయారట. మిగతా సగం చెప్పే భారం నామీద పడింది.

కొలరాడోలో పుట్టిన ట్రంబో లాస్ ఏంజెలెస్‌లో ఒక బేకరీలో ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టు చేస్తూ కథలు రాసుకున్నాడు. 'రాత్రి షిఫ్టు' అనగానే బావగారి ముఖంలో సానుభూతి కనిపించింది. 1947 నాటికి ఒక్కో స్క్రిప్టుకి 75,000 డాలర్లు పుచ్చుకునే స్థాయికి ఎదిగాడు. కమ్యూనిస్టు కాదని నేను వాదించను. 1943లో శుభ్రంగా పార్టీలో చేరినవాడే. సినిమాల్లో కమ్యూనిజం కలుపుతున్నారని అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 1947 అక్టోబరులో విచారణకు పిలిస్తే, తను రాసిన ఇరవై స్క్రిప్టులు వెంట తీసుకెళ్ళాడు. ఇవిగో, ఏ పేజీలో విషం ఉందో చూడండి, రికార్డులో చేర్చండి అన్నాడు. ఒక్కోటి ఎన్ని పేజీలని అడిగి తెలుసుకున్న కమిటీ అధ్యక్షుడు పార్నెల్ థామస్, మరీ ఎక్కువ పేజీలని తోసిపుచ్చేశాడు.

పాలల్లో విషం కలిపాడని పాలవాణ్ణి పట్టుకొచ్చి, ఆ పాలు మాత్రం పరీక్షించం, క్యాను బరువుగా ఉంది అనడం ఇది. నాకైతే తప్పు కనిపించలేదు. ఎవరైనా స్క్రిప్టు చదివితే మెచ్చుకోవలసి వస్తుంది, లేదా నిద్రొస్తుంది. దేశభక్తికి రెండూ ప్రమాదమే.

సినిమా నిర్మాణ సంస్థల సంఘానికి అప్పుడు ఎరిక్ జాన్‌స్టన్ పెద్ద. తన ప్రాణం ఉండగా బ్లాక్‌లిస్టు వంటి నీచానికి ఒప్పుకోనని అక్టోబరులో గట్టిగా చెప్పాడు. నెల తిరిగింది. న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో స్టూడియోల యజమానులు కూర్చున్నారు. తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణం చేసేదాకా కమిటీకి జవాబివ్వని ట్రంబోతో సహా పదిమందికీ పని ఇవ్వబోమని ప్రకటన వచ్చింది. చదివి వినిపించింది జాన్‌స్టనే. ప్రాణం నిక్షేపంగానే ఉంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నిషేధం నిజాయితీ గల పని. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లకు మండింది, కొన్నిచోట్ల ప్రదర్శన ఆపించారు. తీసిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి రాజా, అంటే ఆయనా జమీందారే. అది వాళ్ళ ఇంటి గొడవ. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' నాటకం ఊళ్ళకు ఊళ్ళను కదిలిస్తుంటే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ ఉత్తర్వుకు తేదీ, సంతకం, ముద్ర ఉంటాయి. కోర్టుకెళ్ళడానికి ఒక కాగితం ఉంటుంది. బ్లాక్‌లిస్టు పెట్టే పెద్దమనిషి నిన్ను ఆపనే ఆపడు. రాసుకో నాయనా, ఎంతైనా రాసుకో అంటాడు. ఫోన్ మాత్రం ఎత్తడు.

ఎత్తడు అన్నాను గాని, పగలు ఎత్తడు. రాత్రి తనే చేస్తాడు.

సభాధిక్కారం కింద ట్రంబో 1950లో కెంటకీలోని యాష్‌లాండ్ జైల్లో దాదాపు పది నెలలు ఉండి బయటికొచ్చి, కుటుంబంతో మెక్సికో వెళ్ళాడు. బ్లాక్‌లిస్టు రోజుల్లో ఒక రెండేళ్ళలో మారుపేర్లతో పద్దెనిమిది స్క్రిప్టులు రాశాడు. సగటున ఒక్కోటి 1,750 డాలర్లకు. 75,000 ఎక్కడ, 1,750 ఎక్కడ? దాదాపు నలభై మూడో వంతు. చేయి అదే, టైపు మిషను అదే. పాత చీరల వ్యాపారి కూడా అంత తగ్గింపు ఇవ్వడు. దేశాన్ని కాపాడిన పుణ్యం ఒకవైపు, ఖర్చు కలిసిరావడం మరోవైపు. బ్లాక్‌లిస్టును రాజకీయమని తిట్టేవాళ్ళకి వ్యాపారం తెలియదు.

'రోమన్ హాలిడే' కథ ట్రంబోదే. పేరు మాత్రం స్నేహితుడు ఇయాన్ మెక్లెలన్ హంటర్‌ది. 1953 సినిమాలకు కథ విభాగంలో ఆస్కార్ హంటర్‌కు వచ్చింది. ఆ బినామీ కూడా తర్వాత బ్లాక్‌లిస్టులో చేరాడు. బినామీకి బినామీ ఎవరో వెతుక్కోవలసిన పరిస్థితి. ఇక 'ది బ్రేవ్ వన్'. మెక్సికోలో ఒక కుర్రాడు, వాడు ప్రాణంగా పెంచుకున్న ఎద్దు. సినిమా చివర ఎద్దు ఎర్రగుడ్డ వెంట పరిగెడుతుంది, అయినా కమిటీలో ఒక్కడికీ అనుమానం రాలేదు. రచయిత రాబర్ట్ రిచ్ అని 1957 మార్చిలో ఆస్కార్ ప్రకటించారు. రిచ్ రాలేదు. భార్య పురిటి మంచం దగ్గరున్నాడని చెప్పి రచయితల సంఘం తరఫున జెస్సీ లాస్కీ జూనియర్ బొమ్మ తీసుకున్నాడు. ఆ పేరుగల మనిషి నిర్మాతల మేనల్లుడు, ఆ స్క్రిప్టులో ఒక్క ముక్క రాసినవాడు కాదు. ఆ మరుసటి ఏడాది 'ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' స్క్రీన్‌ప్లేకి బహుమతి మూల నవల రాసిన ఫ్రెంచి రచయిత పియర్ బూల్‌కి ఇచ్చారు. ఇంగ్లీషులో స్క్రిప్టు రాసేంత ఇంగ్లీషు ఆయనకు లేదు. రాసిన ఇద్దరూ జాబితాలో ఉన్నారు.

బావగారు ఇక్కడ ఆపారు. "మరి ఆ పేజీలెక్కువన్నాయన ఏటయ్యేడు?"

అసలు రుచి ఇక్కడే ఉంది. పార్నెల్ థామస్ తన ఆఫీసు జీతాల పట్టీలో పనిచేయని మనుషుల పేర్లు రాసి, వాళ్ళ జీతాలు తనే తీసుకుంటూ దొరికిపోయాడు. మన మస్టర్ రోల్లో దొంగపేర్ల యవ్వారమే. డాన్‌బరీ జైలుకు పంపారు. తాను విచారించిన రచయితల్లో ఇద్దరు, రింగ్ లార్డ్‌నర్ జూనియర్, లెస్టర్ కోల్, అదే జైల్లో ఉన్నారు. పని లేకుండా పేర్లు రాసుకున్నవాడూ, పేరు లేకుండా పని చేయవలసిన వాళ్ళూ ఒకే కంచంలో తిన్నారన్నమాట.

హాలీవుడ్ దాకా ఎందుకు, మా రైల్వేలోనే ఉంది. 'జాతీయ భద్రత పరిరక్షణ' పేరుతో 1949లో రైల్వే ఉద్యోగులకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. విద్రోహ చర్యల్లో ఉన్నాడని రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు, ఉద్యోగం తీసేయవచ్చు. అలా పోయినవాళ్ళలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఉద్యోగి పి. బాలకోటయ్య సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. తీర్పు 1957 డిసెంబరులో వచ్చింది. అక్కడ లేని రిచ్‌కి బొమ్మ ఇచ్చిన ఏడాదే. సంఘం పెట్టుకునే హక్కు పోయిందన్న వాదన నిలవలేదు. ఈ ఉత్తర్వు మిమ్మల్ని కమ్యూనిస్టులుగా ఉండొద్దనలేదు, యూనియన్‌లో ఉండొద్దనలేదు, ఆ హక్కులు నిన్నెలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి, పోయింది ఉద్యోగమే, అది ప్రాథమిక హక్కు కాదని కోర్టు తేల్చింది.

న్యాయం నాకు బోధపడింది. అభిప్రాయం పదిలం, అన్నమే లేదు. పైగా రచయితకైతే ఒక వెసులుబాటుంది, పేరు మార్చుకుని రాత్రి రాసుకోవచ్చు. రైల్వే గుమాస్తా రాబర్ట్ రిచ్ అని పేరు పెట్టుకుని టికెట్లు అమ్మగలడా? అతనికి నలభై మూడో వంతు జీతమిచ్చే పుణ్యాత్ముడు కూడా దొరకడు.

తెరమీద పేరు పడకపోతే కొంపలేం మునిగాయని అడిగేవాళ్ళున్నారు. 'అంకుర్' సినిమా తెలంగాణ పల్లె కథ, దాని మాటలు రాసింది బిలాస్‌పూర్‌లో పుట్టిన సత్యదేవ్ దూబే. మా ఊళ్ళో తెలుగువాళ్ళం, హిందీవాళ్ళం కలిసి గొప్ప చెప్పుకునే విషయాలు చాలా తక్కువ, అందులో ఇదొకటి. 1974లో ఆ పేరు టైటిల్స్‌లో పడబట్టే ఈ మాత్రం గొప్ప మాకు మిగిలింది.

"ఆఖరికి పేరు ఇచ్చేరా లేదా ఆ ట్రంబోకి?" బావగారికి కథ తెమలాలి.

ఇచ్చారు. 1960లో 'ఎక్సోడస్', 'స్పార్టకస్' సినిమాలకి సొంత పేరు వేశారు. 'స్పార్టకస్' ఆడుతున్న హాలు బయట నిరసన జరుగుతుంటే, అప్పుడే అధ్యక్షుడిగా గెలిచిన కెనెడీ దాటుకుని వెళ్ళి చూశాడు. దేశం కూలిపోలేదు. 'బ్రేవ్ వన్' బొమ్మ 1975లో చేతికిచ్చారు, మరుసటి ఏడాది ఆయన పోయాడు. 'రోమన్ హాలిడే' బొమ్మ 1993లో భార్యకిచ్చారు. ఆ సినిమా రచయితగా పూర్తి గుర్తింపు 2011లో వచ్చింది.

బావగారు వేళ్ళు మడిచి లెక్కవేశారు. "పోయి పదిహేడేళ్ళయ్యేక ఇచ్చేరా? నానైతే ఏటా నవంబర్లో బేంకుకెళ్ళి బతికే ఉన్నానని వేలిముద్రెయ్యాలి. ఒక్కనెల ఆలీసెమైతే పింఛన్ ఆపేస్తారు. ఆళ్ళు లైఫ్ సర్టిఫికెట్టు అడగలేదేటి?"

అడగలేదన్నాను.

"పోనీ, నలభై ఏళ్ళ ఎరియర్సు?"

బొమ్మ ఇచ్చారని మళ్ళీ చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూసి, ఇంకో టీ తెప్పించుకుని తాగారు. పోతూ పోతూ ఆ రెండు టీలూ ఖాతాలో నా పేరు మీద రాయించారు.