కొత్త దొర పద్యానికి టీకా, తాత్పర్యం

అవతారిక: మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి శపథం పట్టాడు. కంపెనీ సర్క్యులర్లకు వ్యాఖ్యానం రాసే గతి పట్టలేదు కనుక ఆయనకు చెల్లింది. రెండు సంస్థల్ని కలిపిన మర్నాడు కొత్త సీఈఓ పంపే మొదటి ఉత్తరంలో ‘ఒకే కుటుంబం’ ఉంటుంది, ‘ఉజ్జ్వల భవిష్యత్తు’ ఉంటుంది, మూలం మాత్రం ఉండదు. అందుచేత ఈ టీకాకారుడు మూలాన్ని కూడా తానే కట్టుకోవలసి వచ్చింది. సింహాచలం కొండకింద కట్టిన ఆటవెలది. అనుమానమున్నవారు గణాలు లెక్కపెట్టుకోవచ్చు. కనీసం ఈ లెక్కలు సరిపోతాయి.

రెండు సంస్థలిపుడు రేపటికొకటౌను
కొత్త దొర యొకండు కుర్చి నెక్కె
బోర్డు మారెగాని బొద్దింక మారునా
సింహగిరినివాస చిద్విలాస!

ప్రతిపదార్థం: సింహగిరినివాస = సింహాచలం కొండమీద కొలువున్నవాడా; చిద్విలాస = జ్ఞానమే విలాసముగా గలవాడా (పత్రికాభాషలో: రాజీనామా ఇచ్చి కారెక్కే చైర్మన్ ముఖాన కనిపించేది); ఇపుడు = ఈ త్రైమాసికంలో; రెండు సంస్థలు = మునిగినదొకటి, కొన్నదొకటి; రేపటికి = కింద చూడుడు; ఒకటి ఔను = ఒక్కటే అగును; కొత్త దొర ఒకండు = నూతన ముఖ్య కార్యనిర్వహణాధికారి ఒక్కడే. ‘ఒక్కడే’ అనడంలో స్వారస్యముంది. రెండు కంపెనీలకు ఇద్దరు దొరలుండేవారు గదా, రెండోవాడేమయ్యాడని పాఠకుడు అడగరాదు. కావ్యమర్యాద.

శంక: ‘కుర్చీ’ దీర్ఘాంతం గదా, ‘కుర్చి’ అని కురచ చేశాడేమి?
సమాధానం: నష్టాల్లో ఉన్న సంస్థ. పొదుపు చర్యలు దీర్ఘంతో మొదలయ్యాయి.

ఇక ‘రేపటికి’. ఈ ఒక్క మాట దగ్గర వ్యాఖ్యాతలు తడబడతారు. నిఘంటువులో రేపంటే ఇరవైనాలుగు గంటల్లోపు వచ్చేది. విలీనశాస్త్రంలో అలా కాదు. 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ ఉదాహరణ. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు తానే ఉత్తరం రాసి, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నాడు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు పాడి వేలంలో గెలిచింది. జూన్‌లో సి.పి. గుర్నానీ సీఈఓగా కుర్చీ ఎక్కాడు, సంస్థ పేరు మహీంద్రా సత్యమైంది. రెండూ నిజంగా ఒకటైంది మాత్రం 2013 జూన్‌లో. అనగా ఇక్కడ రేపటికి = నాలుగేళ్ళకు. మన గాజువాక దారిలోని బి.హెచ్.పి.వి.ది ఇంకొంచెం నిదానమైన రేపు: 2008లో భెల్‌కు అనుబంధ సంస్థగా చేరింది, 2013లో కలిసింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు విషయంలో రేపు తొందరపడింది. 2019 ఆగస్టులో ప్రకటన, 2020 ఏప్రిల్ 1కల్లా యూనియన్ బ్యాంకులో విలీనం. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా జరిగిపోయింది. గుమ్మం దాకా వచ్చి చూసినవాడు లేడు.

‘ఒకటౌను’: రెండు ఒకటవడం అద్వైతమని తొందరపడి రాసిన వ్యాఖ్యాతలున్నారు. తప్పు. మహీంద్రా సత్యం షేర్లు పదిహేడు పట్టుకెళితే టెక్ మహీంద్రా షేర్లు రెండు ఇచ్చారు. పదిహేడు రెండయ్యే దర్శనం శంకరులదీ కాదు, రామానుజులదీ కాదు. మదింపుదారులది.

‘బోర్డు మారెగాని’: ఇది శ్లేష. బోర్డు = పేరుపలక అని ఒక అర్థం, డైరెక్టర్ల మండలి అని ఒక అర్థం. సత్యంలో రెండర్థాలూ అక్షరాలా జరిగాయి. ఉత్తరం బయటపడ్డ కొద్ది రోజులకే కేంద్ర ప్రభుత్వం పాత మండలిని పక్కనబెట్టి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్ వంటివారిని కూర్చోబెట్టింది. పలక మారింది జూన్‌లో. బి.హెచ్.పి.వి. పలక మార్పు మరీ పొదుపైనది. విలీనం తర్వాత దాని పేరు హెచ్.పి.వి.పి. ముందున్న ‘బి’ తీసేసి వెనకాల ఒక ‘పి’ తగిలించారు. అంతటి లాఘవం పాణిని చూసినా మెచ్చుకునేవాడు. బస్సు కండక్టరు మాత్రం ఇప్పటికీ ‘బీహెచ్‌పీవీ, బీహెచ్‌పీవీ’ అనే కేకేస్తాడు. లోకవ్యవహారమే ప్రమాణమని వ్యాకర్తలు ఊరికే అనలేదు.

పాఠాంతరం: ‘బోర్డు మారెగాని బెంచీలు మారునా’ అని సాఫ్ట్‌వేరు ప్రతుల్లో కనబడుతుంది. గ్రాహ్యం కాదు. ఒకటి, యతి చెడింది. రెండు, అర్థమూ చెడింది; సత్యంలో బెంచీ కూడా మారింది. 2009లో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న వేలమందిని ‘వర్చువల్ పూల్’ అనే ఏర్పాటులో పెట్టి, ఆరునెలల దాకా మూలవేతనం ఇస్తాం, ఇంటి దగ్గరుండండి అన్నారు. ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా? విశ్వామిత్రుడు త్రిశంకుడికి ఇచ్చిన హోదా ఇదే, ఆయన మూలవేతనం సంగతి తేల్చలేదు. హాస్యానికి రాస్తున్నాను గాని, ఈ పద్యం మొత్తంలో నవ్వు రాని చోటు ఇదొక్కటే. దొర కుర్చీ ఎక్కిన ప్రతిసారీ కిందెక్కడో మరొకడు కుర్చీ దిగుతాడు, ఆ దిగినవాడి మీద ఆటవెలదులు ఎవరూ కట్టరు.

‘బొద్దింక’: పద్యానికి ప్రాణం. క్యాంటీను గోడలో ఉండేదని పామరార్థం. సంతకం లేకుండా కదిలే ఫైలు, పాత దొర నియమించిన బావమరిది, ఎవరూ తెరవని ఖాతా అని పండితార్థం. ‘మారునా’ అనే ప్రశ్న కాకువు. మారదనే కవి హృదయమని చాలామంది తేల్చేశారు. నేను ఒప్పను. క్షేత్రం పేరు ఊరికే చెప్పలేదు కవి (అంటే నేను). సింహాచలానికి విలీనం కొత్త కాదు. వరాహమూ నరసింహమూ రెండవతారాలు ఒకే మూర్తిలో ఉన్న చోటిది. ఏడాది పొడుగునా స్వామి చందనం పూతలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రం దాన్ని ఒలిచి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. మళ్ళీ మూడేసి మణుగుల చొప్పున నాలుగు విడతల్లో పూస్తారు. అది ఉగ్రమూర్తిని చల్లబరచడానికని స్థలపురాణం. బ్యాలెన్సు షీటుకు పూసే చందనానికి అటువంటి పుణ్యకారణం లేదు, అక్కడ చల్లబడేది వాటాదారులు. పూత కింద బొద్దింకలు చల్లగానే పెరుగుతాయి.

కాబట్టి కొత్త దొర పరీక్ష ఒక్కటే: ముందు ఒలిచాడా, ముందు కలిపాడా? ‘కొత్త బిచ్చగాడు పొద్దెరగడు’ అన్న లోకోక్తికి లక్ష్యమైన దొరలు చేరిన వారంలోనే కొత్త లోగో, కొత్త రంగులు, మూడంచెల ప్రణాళిక ప్రకటిస్తారు. మహీంద్రా సత్యంలో పలక వెంటనే మారింది గాని, తక్కిన వరస వేరు. చేరినప్పుడు నమ్మదగిన లెక్కలే లేవు. పాత పుస్తకాలన్నీ తిరగదోడి, దిద్దిన లెక్కలు 2010 సెప్టెంబరులో బయటపెట్టారు. ఆ తర్వాత, 2012లో గాని విలీనం ప్రకటించలేదు. అందుకే ‘రేపటికి’ అన్నది నాలుగేళ్ళయింది, ఆ ఆలస్యాన్ని నేను గుణంగానే లెక్కేస్తాను. గుర్నానీ అదే కుర్చీలో 2023 డిసెంబరుదాకా ఉన్నాడు. తర్వాత మోహిత్ జోషీ వచ్చాడు. పద్యం రెండో పాదం నుంచి మళ్ళీ చదువుకోవచ్చు.

తాత్పర్యం: స్వామీ, రెండు కంపెనీలు కలిశాయి, మాకు ఇంకా జీతాల తేదీ చెప్పలేదు.

శంక: కొండకు దక్షిణాన ఉక్కునగరం వాళ్ళు ఈ పద్యాన్ని చదవనంటున్నారే?
సమాధానం: వారి బాధ వేరు. సొంత ఇనుప గనులు లేకుండా ఉక్కు కరిగించే కర్మాగారం వారిది. 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా సరేనన్నప్పటి నుంచి, అమ్మకండి, గనులున్న సెయిల్‌లో కలపండి అని కార్మిక సంఘాలు అడుగుతున్నాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, విలీనం రాలేదు. అందరికీ బెదిరింపుగా వినబడే మొదటి పాదం వారికి మొక్కుబడి. అందుచేత ఉక్కునగరం ప్రతిలో ‘ఒకటౌను’ తీసి ‘ఒకటౌత’ అని ఆశీరర్థంలో దిద్దుకోవచ్చు. గణభంగం లేదు, యతి చెడదు. ఉక్కు మంత్రిత్వశాఖ ఒప్పుకోవాలి.