మూడో విజిల్

ఫిల్మ్‌నగర్‌లో దెయ్యం దొరకడం తేలిక, ఖాళీ రోడ్డు దొరకడం కష్టం. అందుకే కాబోలు, సినిమా చదువు చదివే పిల్లలు తీసే పది నిమిషాల థ్రిల్లర్లు చాలావరకు ఎవరో స్నేహితుడి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోనే జరుగుతాయి. కుళాయి బొట్టు బొట్టుగా కారుతుంది. ఫ్యాను కిర్రుమంటుంది. కరెంటు పోతుంది, ఫోన్‌లో చార్జింగ్ ఒక్క శాతానికి దిగుతుంది, అద్దంలో ఎవరో కదులుతారు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఇదంతా మొదటి రెండు నిమిషాల్లోనే ఖర్చయిపోతుంది. మిగిలిన ఎనిమిది నిమిషాలూ చూసేవాడికి ఒకటే ఉత్కంఠ, ఇదెప్పుడు అయిపోతుందా అని. పెద్దలు ‘అంతా రొటీన్’ అని పెదవి విరుస్తారు. నా ఫిర్యాదు అది కాదు. రొటీన్ ఉన్నందుకు కాదు, చేతిలో ఉన్న రొటీన్‌ని వాడుకోవడం రాకే ఈ సినిమాలు చప్పబడుతున్నాయి.

రొటీన్ విలువ తెలియాలంటే వంటింట్లోకి వెళ్లాలి. పప్పుకి మూడు విజిల్స్ అని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. స్టవ్ దగ్గర ఎవరూ లేరు. కుక్కర్ బుస్సుమంటోంది, వెయిట్ కాస్త లేచినట్టే లేచి మళ్లీ కూర్చుంది. హాల్లో పేపర్ చదువుతున్న పెద్దాయన చదివిన లైనే మళ్లీ చదువుతున్నాడు. మూడు అన్న లెక్క ముందే తెలియకపోతే అది ఒట్టి ఆవిరి. తెలిసింది కాబట్టి టెన్షన్. హిచ్‌కాక్ బల్ల కింద బాంబు అని చెప్పింది దీన్నే: చెప్పకుండా పేలిస్తే ఒక్క క్షణం ఉలిక్కిపాటు, బాంబుందని ప్రేక్షకుడికి ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల చేత ఆటల కబుర్లు చెప్పిస్తే నిమిషాల తరబడి గుండెదడ. భయం తెరమీద పుట్టదు. జనం దాన్ని ఇంటి దగ్గరే కట్టుకుని తెచ్చుకుంటారు. దర్శకుడి పనల్లా ఆ మూట విప్పడానికి తొందరపడకపోవడం.

మనవాళ్లకిది తెలియక కాదు. 1992లో వచ్చిన ‘రాత్రి’లో రామ్‌గోపాల్ వర్మ రేవతిని సినిమా హాల్లో ఒంటరిని చేసేశాడు. హాలంటే పక్కవాడి మోచెయ్యి తగలాలి, వెనకవాడి కాలు మన సీటుకి తన్నాలి. అది మనకి అలవాటు. అందుకే ఖాళీ కుర్చీలు చాలు, కోరలు అక్కర్లేదు. 2016 నాటి ‘క్షణం’ ఎత్తుకున్నది పాతకాలపు తప్పిపోయిన పిల్ల కథనే. అయితే పిల్ల ఏదీ అన్న ప్రశ్నని, అసలు పిల్లంటూ ఉందా అన్నదాకా లాగారు. రెండింటిలోనూ పట్టుకున్నది ఒకే ఒక్క అలవాటు. కుళాయి, ఫ్యాను, అద్దం కలగలిపి తాలింపు పెట్టలేదు.

‘అందరికీ తెలిసిందే చూపిస్తే కొత్తదనం ఎక్కడుందండీ?’ అని కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తెలిసి ఉండాల్సింది ప్రశ్న మాత్రమే, జవాబు కాదు. ప్రశ్న కూడా కొత్తదైతే ప్రేక్షకుడు భయపడడు, పక్కవాణ్ని ‘ఏమైందిరా?’ అని అడుగుతాడు. బడ్జెట్ లేదన్న గోడు రెండోది. దానికి 1975లోనే జవాబొచ్చింది. ‘జాస్’ కోసం చేయించిన యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయిస్తే స్పీల్‌బర్గ్ చేపని దాచి నీళ్లు చూపించాడు. జనం సముద్రంలో దిగడానికి జంకారు. మనకి ఆ చేప కొనే స్తోమత మొదటినుంచీ లేదు, అంటే ఆ మేరకు అదృష్టవంతులమే. ఇక ‘సౌండ్ ఎఫెక్ట్ ఢామ్మంటే అందరూ ఎగిరిపడుతున్నారు కదా’ అంటారా, వెనకనుంచి వచ్చి చెవిలో అరిస్తే మా వీధి కుక్క కూడా ఎగిరిపడుతుంది. దాన్ని దర్శకత్వం అనరు.

జూబ్లీహిల్స్ పాత అపార్ట్‌మెంట్లలో ఇంతకంటే చవకైన సరుకుంది. ఇనప గ్రిల్ తలుపుల లిఫ్టు. ఎవరైనా తలుపు సరిగ్గా వెయ్యకుండా వెళ్తే, ఓ ఆడగొంతు ‘ప్లీజ్ క్లోజ్ ది డోర్’ అని అలుపు లేకుండా మొరపెట్టుకుంటుంది. విన్నవాళ్లెవరో విసుక్కుంటూ వెళ్లి మూసొస్తారు. దీన్ని తెలుగువాడికి కొత్తగా నేర్పక్కర్లేదు. మొదటి షాట్‌లో మూడో అంతస్తులోని రెండు ఫ్లాట్లకీ తాళాలు చూపించాలి, పండక్కి ఊళ్లెళ్లారు. అర్ధరాత్రి ఆ అంతస్తునుంచే ఆ గొంతు మొదలవ్వాలి. కింద ఫ్లాట్ కుర్రాడు ముందు దిండు చెవులకి నొక్కుకుంటాడు. తర్వాత వాచ్‌మన్‌ని పిలుస్తాడు, పలకడు. హవాయి చెప్పులు వేసుకుని మెట్లెక్కుతాడు. మ్యూజిక్ లేదు, టపటపమని చెప్పుల చప్పుడూ, పైనుంచి ఆ గొంతూ అంతే. రెండో అంతస్తు మలుపు తిరిగేసరికి గొంతు ఆగిపోయింది. ఎవరో తలుపు మూశారు.

సరిగ్గా అప్పుడే మన దర్శకుడికి కుళాయి గుర్తొస్తుంది.