కండక్టరు సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: “ఎక్స్‌ప్రెస్సు, మామ్మా! పెద్ద స్టేజీల్లోనే ఆగుద్ది.”

అవతారిక: నందిగామ మీదుగా బెజవాడ పోవు బండి మెట్టుపై నిలిచి, జగ్గయ్యపేట బస్టాండులో ఒక కండక్టరు, గోనెసంచితో ఎక్కబోవుచున్న వృద్ధురాలికి ఉపదేశించిన వాక్యమిది.

ప్రతిపదార్థము: ఎక్స్‌ప్రెస్సు = ఆగుటయందు అనాదరము గలది; మామ్మా = టిక్కెట్టు కొట్టక మునుపే కలిపిన వరుస; ఆగుద్ది = ఆగును; పెద్ద = ఇందే వివాదము.

టీక: బెజవాడ బాట అనంతమనియు, దాని కిలోమీటరు రాళ్ళు 1, 2, 3 మొదలగు సహజసంఖ్యలనియు భావించి, బండి ఆగు రాళ్ళ సమితి ఎప్పుడు పెద్దదగునో విచారింతము.

దాటిన రాళ్ళలో ఆగినవి ఎన్నవ వంతో లెక్కించి, ఎంత దూరము పోయినను ఆ వంతు ఒక నియతభిన్నమును మరల మరల దాటుచుండిన పెద్దదని వంతువాదులందురు. పదింటికొకచోట ఆగు బండి వీరికి పెద్దది. 1, 4, 9, 16 అను వర్గసంఖ్యల వద్ద ఆగునది మొదటి నూటిలో పదిమార్లు ఆగినను, పదివేలలో నూరుమార్లే ఆగి, క్రమముగా చిన్నదగును.

ఏ స్టేజీనుండి యైనను దాని తరువాతి స్టేజీకి గల దూరము ఏదో ఒక నియతమైన హద్దును మించరాదని కాలినడకవాదులు. పది రాళ్ళు గాని వేయి రాళ్ళు గాని, కోరినంత పొడవున వరుసగా ఆగు పట్టు ఎక్కడనో ఉన్న చాలునని గుంపువాదులు.

n-వ రాతి వద్ద ఆగినప్పుడు రూపాయిలో n-వ వంతు మామ్మకు తిరిగి ఇచ్చిన, ఆ మొత్తము హద్దులేక పెరుగవలెనని చిల్లరవాదులు. వర్గసంఖ్యల బండి ఎంత తిరిగినను రూపాయి అరువదియైదు పైసలు ముట్టవు. ప్రధానసంఖ్యల బండి వంతువాదులకు చిన్నదయ్యును చిల్లరవాదులకు పెద్దదని 1737లో గణితవేత్త ఆయిలర్ తేల్చెను.

సిద్ధాంతము: పెద్దదానిని కొలదిమంది అన్నదమ్ములు పంచుకొనిన, ఒక్కని వాటాయైనను పెద్దదిగా మిగులవలెను. 2022లో కృష్ణాజిల్లా చీలి, నందిగామయు జగ్గయ్యపేటయు ఎన్టీఆర్ జిల్లా పాలైన పిమ్మట, పంపకపు మర్మము ఇచటివారికి బోధింపనక్కరలేదు. ఈ పరీక్షకు వంతును చిల్లరయు నిలుచును. సరి బేసులుగా పంచిన గుంపు చెదరును. 1, 2–3, 4–7, 8–15 అను దిమ్మెలను ఒకటి విడిచి ఒకటిగా ఇద్దరికిచ్చిన కాలినడక కుంటువడును. పరీక్షకు నిలిచిన రెంటి మాటకు వచ్చిన, వంతున పెద్దదైన ప్రతి సమితిలోను ఎంత పొడవు కోరిన అంత పొడవైన అంకశ్రేఢి ఉండునని గణితవేత్త సెమెరెడి 1975లో నిరూపించెను. చిల్లరపెద్దలకు అట్టి భాగ్యము కలదా యన్నది నేటికిని తేలలేదు.

తాత్పర్యము: ఇన్ని కలహముల నడుమ నలువురును ఒప్పుకొనునది ఒకటి కలదు: కొలదిపాటి రాళ్ళను చేర్చినను తీసివేసినను పెద్దది పెద్దదే, చిన్నది చిన్నదే. కావున మామ్మ ఊరి మొగదల బండి ఒక్కమారు ఆగినంత మాత్రమున ఏ శాస్త్రమునకును భంగము లేదు. కండక్టరు నిశ్చింతగా విజిలు ఊదవచ్చును.