గడప బయటివాళ్లం: ఒక కిర్రు చెప్పుల జత ఆత్మకథ

గడప లోపలికి రాకూడని జాతి మాది. మాకు తెలిసిన చరిత్రంతా గుమ్మాల దగ్గర చెవిన పడిందే. పెనుకొండలో పార్శ్వనాథుడి బసది తెలుసు, బాబయ్య దర్గా తెలుసు, పక్కపక్కనే ఉన్న రాముడి గుడి, శివుడి గుడి తెలుసు. అన్నీ బయటి నుంచే. లోపల ఎవరి దేవుడు వాళ్లకు వేరు కావచ్చు గానీ, బయట చెప్పుల కుప్పలో ఆ తేడాలుండవు. బాబయ్య ఉరుసుకు పోయినప్పుడు ఆ కుప్పలో మా జోడు విడిపోయి, మా ఆయన చేత అర్ధరాత్రి దాకా వెతికించుకున్నాం. దొరికేదాకా ఆయన కదల్లేదు. ఆ గర్వం మాకింకా ఉంది.

మమ్మల్ని కుట్టింది హిందూపురంలో. తోలు సున్నంలో నానింది, తంగేడు చెక్క రసంలో ఊరింది, ఆరెపోట్లు తింది. ఆ బాధ గురించి ఇంతకుమించి అడక్కండి. అడుగుల్లో పొరలు ఒకదానికొకటి రాసుకొని కిర్రుమంటాయి కాబట్టి కిర్రు చెప్పులన్నారు. మా చప్పుడు వీధి మలుపులో వినబడగానే ఇంట్లో సంగటి ముద్ద కంచంలో పడేది.

మా ఆయన ధర్మవరం నేతగాడు. మగ్గం గుంతలో కాళ్లు దించే ముందు మమ్మల్ని బయట విడిచేవాడు. పట్టుచీర నేతలో మాకు వాటా లేదు. మా పనంతా ప్రయాణాలప్పుడే. హిందూపురం పోయే రైలు పెనుకొండ మీదుగానే పోతుంది. ఆయన పిల్లోడికి సెలవులొస్తే ఇద్దరూ పొద్దున్నే రైలెక్కి, పెనుకొండలో దిగి, ఉగ్గాని మూట చంకన పెట్టుకొని కొండెక్కేవాళ్లు.

అది సులువుగా నడుచుకుంటూ పోయే కొండ కాదు. ఏనుగులంత గుండ్లు, వాటి సందుల్లోంచి లేచిన కోటగోడలు, కూలిన బురుజులు, వాననీళ్లు నిలిచే దొనలు, గుచ్చుకోవడానికే పుట్టిన ముళ్లచెట్లు. పిల్లోడి రబ్బరు చెప్పుల్లోకి ముల్లు దిగితే మా ఆయన వాణ్ని భుజానికెత్తుకొనేవాడు. ఆ బరువు కూడా మా మీదే పడేది. మేమొక్కసారి కూడా జారలేదు.

ఎక్కుతూ కథలు చెప్పేవాడు. బుక్కరాయలు ఈ సీమను తన కొడుకు వీర విరూపణ్ణకు అప్పగించాడని 1354 నాటి శాసనం చెబుతుంది. 1565లో రక్కసి-తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమల దేవరాయలు రాజధానిని హంపి నుంచి ఇక్కడికే తెచ్చాడు. ఆ పరుగులో ఎన్ని జతల చెప్పులు తెగాయో ఏ శాసనంలోనూ ఉండదు. రాజులకు ఆ బుద్ధి ఎక్కడిది! మంత్రి తిమ్మరుసు చెర ఇక్కడే అంటారు. తన కొడుకును చంపించాడన్న అనుమానంతో కృష్ణరాయలు ఆయన కళ్లు తీయించాడని పోర్చుగీసువాడు న్యూనిజ్ రాసిపెట్టాడు. ఆ కథ విన్న రోజు పిల్లోడు నడక ఆపేశాడు.

"అప్పాజీ అని పిలిచినాయన్నే కదా నాయనా, కండ్లెట్ల తీపిచ్చినాడు?"

మా ఆయన కాసేపు మాట్లాడలేదు. "రాజుల కోపాలు అట్లనే రా. నడువు, ఎండెక్కుతాంది" అన్నాడు. ఆ తర్వాత ఎందుకో వాడి చెయ్యి గట్టిగా పట్టుకొని నడిచాడు. చేతుల సంగతి మాకెలా తెలుసంటారా? ఒక చెయ్యి బిగిస్తే అడుగుల బరువు మారుతుంది.

పిల్లోడు పెద్దవాడై బెంగళూరు పోయాడు. మరమగ్గాల చప్పుడు పెరిగి మా ఆయన మగ్గం ఆగింది, మోకాళ్లూ మొరాయించాయి. మా అడుగుకు టైరు ముక్క వేయించిందే ఆయన మాకు చేసిన చివరి ఉపకారం. తర్వాత అటక మీద గోనెసంచిలో పడ్డాం, పనికిరాని కండెలతో పాటు. తల్లి ధర్మాంబ పేరు మీద క్రియాశక్తి ఒడయారు కట్టించాడని చెప్పుకొనే ఊళ్లో ఉంటూ, పాత వస్తువు మీద కాస్త మమకారం ఆశించాం. ఎవరూ తొంగి చూడలేదు. తంగేడు రసంలో ఊరిన తోలుకు నూనె ఆధారం. అది ఆరిపోతే లోపలి నారలు పెళుసెక్కి, వంగిన చోటల్లా బీట్లు పడతాయి. నెలకో చుక్క ఆముదం చాలు. ఆ ఇంట్లో ఆముదం సీసా లేక కాదు. దేవుడి దీపానికి పోసేవాళ్లు, మాకు కాదు.

ఏడాదులు గడిచాక కొడుకొచ్చాడు. నాయనతో కొండెక్కి వీడియో తీయాలట. నాయనకు బూట్లు తెచ్చాడు. వాటి ధరకు మాలాంటివాళ్లం ఎన్ని జతలొస్తామో లెక్కేసుకొని ఊరుకున్నాం. మా ఆయన వాటిని తిప్పి చూసి, "ఊపిరాడదురా కాళ్లకు" అని, అటక మీంచి మమ్మల్నే దింపించాడు. అప్పుడైనా ఎవరైనా నూనె రాస్తారేమోనని చూశాం.

కొండ సగంలో కొడుకు ఫోను ఎత్తి, ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీని చూపిస్తున్నాడు. అప్పుడే మాలో కుడిదాని ఉంగటం తెగింది. "పారేయి నాయనా, కొత్తవి కొనిస్తా" అన్నాడు కొడుకు. "వీటిని కుట్టినోడు లేడు గదరా" అన్నాడు మా ఆయన. అయినా కొడుకు మాటే చెల్లింది. మమ్మల్ని గోడవతల పడి ఉన్న ఖాళీ నీళ్ల సీసాల్లోకి విసిరాడు. మా ఆయన ఉత్తకాళ్లతోనే పైకి పోయాడు. నరసింహస్వామి గుడికి పోయేవాడికి చెప్పులెందుకులే అన్నాడట. దిగేటప్పుడు గోడ దగ్గర ఆగి వంగి చూశాడు. కొడుకు కింది నుంచి పిలిచాడు.

మా తోలు కొన్ని వానలకు చీకిపోతుంది. టైరు ముక్క, ఆ సీసాలు మాత్రం మీ మనవళ్ల కాలానికీ ఇక్కడే ఉంటాయి. కొండెక్కే అయ్యలారా, తాగిన సీసాలు కిందికి తీసుకుపోండి. సంచిలో చోటుంటే మమ్మల్నీ వేసుకోండి. తెగింది ఒక్క ఉంగటమే, నాలుగు కుట్లు వేస్తే చాలు. ఆముదం మాత్రం మరిచిపోవద్దు.